కప్ప బండి, హారన్ కాక, నా మీటరు

చేతికి కొత్తగా కరెంటు కొలిచే మీటరు వచ్చిన ఆ రోజుల్లో, లోకంలో ఉన్న తప్పులన్నీ ఎదుటివాళ్ళ వైర్లలోనే ఉంటాయని నేను గట్టిగా నమ్మేవాణ్ని. ఎర్ర తీగ ఇక్కడ, నల్ల తీగ అక్కడ ఆనిస్తే చాలు, అంకె కనపడుతుంది. అంకె కనపడితే చాలు, దోషి దొరుకుతాడు. ఇరవై రెండేళ్ళ వయసుకు ఇంతకంటే సుఖమైన వేదాంతం ఇంకొకటి ఉండదు. కరీంనగర్‌లో ఐటీఐ చదివాను. సర్టిఫికెట్ మీద ఫొటోలో కూడా నవ్వుతూనే ఉన్నాను (ఫొటో తీసేవాడు మూడుసార్లు నవ్వొద్దన్నాడు, అందుకే నవ్వొచ్చింది). మాది వేములవాడకు దగ్గర్లో సాంచాల ఊరు. సాంచ అంటే మరమగ్గం. వాడంతా సాంచాలు ఒక్కసారిగా మోగుతుంటే ఆ చప్పుడులో పుట్టి పెరిగినవాడికి ఏ గొడవా పెద్ద గొడవ అనిపించదు. ఎవరైనా గంభీరంగా గొంతు సవరించుకుంటే నాకు చేతులు దురద పెట్టేవి. ఆ మాటకు ఎక్కడో ఒకచోట సూది గుచ్చి గాలి తీస్తేగాని కడుపు నిండేది కాదు.

అలాంటివాణ్ని ఆదిలాబాద్ వైపు, అడవి అంచున ఉన్న ఒక చిన్న మిషన్ దవాఖానలో ఎలక్ట్రీషియన్‌గా పెట్టుకున్నారు. జనరేటరు, ఇన్వర్టరు, బోరు మోటరు, ఫ్యాన్లు, ఇంకా వైరు అనేది వేలాడే ప్రతి వస్తువూ నా పరిధి. రోజూ పొద్దున్నే వరండాలో అందరూ నిలబడి ఒక పాట పాడి, ప్రార్థన చేసి, ఆ తర్వాత నిన్న జరిగిన లోపాల గురించి డాక్టర్ సార్ అడిగేవారు. అక్కడే నా వేషాలు మొదలయ్యేవి. "నిన్న నీళ్ళెందుకు రాలేదు?" అని సార్ అడిగితే, ఎవరూ నోరు తెరవకముందే నేను చెయ్యెత్తి, "తప్పు నాదే సార్, బోరుల నీళ్ళు నేనే దాచిపెట్టిన" అనేవాణ్ని. క్యాంటీన్‌లో పాలు విరిగితే, "తప్పు నాదే సార్, పాల దిక్కు జర కోపంగ చూసిన." వాన పడితే నా తప్పు, పడకపోతే నా తప్పు. అందరూ నవ్వేవారు. సార్ కూడా కళ్ళద్దాలు తీసి తుడుచుకుంటూ నవ్వేవారు. దాంతో అసలు తప్పు ఎవరిదన్న ప్రశ్న ఎటో వెళ్ళిపోయేది. ఇది నేను సమాజానికి చేస్తున్న సేవ అనుకునేవాణ్ని.

నవ్వని మనిషి సిస్టరమ్మ ఒక్కతే. మా దవాఖానకు పెద్ద నర్సు, తాతల నాటి నుంచి మిషన్ సంఘంలో ఉన్న కుటుంబం, యాభై దాటిన వయసు, రెండు మోకాళ్ళూ నొప్పే. "నీ నోటికి స్విచ్ పెట్టెటోడు ఇంకా పుట్టలేదు కొడుకా" అనేది. ప్రతి బుధవారం ఆమె మంచుముక్కలు పేర్చిన టీకాల డబ్బా తీసుకుని వాగు అవతల ఉన్న మూడు గూడేలకు పోయి పిల్లలకు సూదులు వేసి రావాలి. వాన కురిస్తే ఆ దారి నల్లరేగడి బురద. జీపు పోదు, మోటార్ సైకిలు పోతుంది కానీ తిరిగి రాదు. అందుకని ఎవరో పుణ్యాత్ములు దవాఖానకు నాలుగు లావుపాటి చక్రాల బండి ఒకటి ఇప్పించారు. ఏటీవీ అంటారు. మోటార్ సైకిలుకున్న హ్యాండిలు, ట్రాక్టరుకున్న పొగరు, దున్నపోతు వీపంత సీటు. బురదను చూస్తే దానికి పండగ. గూడెం పిల్లలు దాన్ని చూడగానే కప్ప బండి అన్నారు. ఆ పేరే నిలిచింది.

దానికి డ్రైవరు హారన్ కాక. భైంసా వైపు మనిషి. ఇంట్లో మరాఠీ, బయట తెలుగు, కోపమొస్తే రెండూ కలిపి. అంతకుముందు చాలా ఏళ్ళు దవాఖాన జీపు నడిపాడు. జీపు తుక్కుకింద పోయేటప్పుడు దాని హారన్ మాత్రం విప్పి ఇంటికి తెచ్చుకున్నాడట (కొందరు ఫొటోలు దాచుకుంటారు, ఈయన చప్పుడు దాచుకున్నాడు). కప్ప బండి వచ్చాక ఆ పాత హారన్ దానికి బిగించాడు. తర్వాత ఇంకొకటి. ఆ తర్వాత రాగం తీసేది ఒకటి. "మొదటిది పసులకు, రొండోది మనుషులకు" అని లెక్క చెప్పేవాడు. "మరి మూడోది కాకా?" అంటే, "గది నాకు" అనేవాడు. నేను దాన్ని పిచ్చి అనుకున్నానుగానీ, కాక వాగు దాటి హారన్ కొడితే చాలు, చేలల్లో ఉన్న తల్లులు పత్తి ఏరడం ఆపి పిల్లల్ని ఎత్తుకుని దారి మీదికి వచ్చేవారట. ఆ విషయం నాకు చాలా ఆలస్యంగా తెలిసింది.

దసరా వచ్చింది. మా ఊళ్ళో దసరా అంటే సాంచాలకు పండగ. నూనె తుడిచి, దుమ్ము దులిపి, తుప్పు గీకి, రంగేసి, బొట్టుపెట్టి పూజ చేస్తాం. ఆ రోజు సాంచ ఆగి ఉంటుంది, మనిషి దాని ముందు నిలబడి ఉంటాడు. ఏడాదిలో ఆ ఒక్క రోజే ఇలా. అలా పెరిగినవాణ్ని కదా, బురదకు పైరంగు ఊడి తుప్పెక్కిన కప్ప బండిని చూసి ఊరుకోలేకపోయాను. సిస్టరమ్మను అడిగితే, "పూజ నీది, ప్రార్థన నాది, బండి ఇద్దరిది. మంచిగ చెయ్యి" అంది. రెండు రోజులు కూర్చుని బండి చట్రానికి మెరిసే ఆకుపచ్చ రంగు వేశాను. ఒక పూత సరిపోదని రెండు పూతలు. బోల్టు ఉన్నచోట బోల్టు విప్పి, కింద కూడా పూసి, ఆరాక మళ్ళీ బిగించాను. అంత శ్రద్ధ. మామిడాకులు కట్టి నిమ్మకాయలు తొక్కించి బండి బయటికి తీస్తే, నిజంగానే వాన కురిసిన మర్నాటి కప్పలా తళతళలాడింది. కాక చుట్టూ తిరిగి చూసి, "కాయ్ రే పోరడా, పెండ్లికొడుకును చేసినవ్ గదరా!" అన్నాడు. ఆ మాటకు నేను పొంగిపోయాను. జోకు వెయ్యలేదు కూడా.

దసరా తర్వాత మొదటి బుధవారం పెండ్లికొడుకు మూర్ఛపోయాడు. వాగు అవతల రెండో గూడెం దగ్గర ఇంజను ఆపి, సిస్టరమ్మ సూదులు వేసి వచ్చాక స్టార్టు బటన్ నొక్కితే టిక్ అని ఒక్క చప్పుడు. అంతే. మూడో గూడెం మిగిలిపోయింది. మధ్యాహ్నానికి ఎవరో రైతు ఎడ్లబండి వెనక కప్ప బండిని తాడుతో కట్టుకుని తెచ్చాడు. దాని మీద కాక హ్యాండిలు పట్టుకుని, ఊరేగింపులో దేవుడిలా కదలకుండా కూర్చున్నాడు. వెనక సిస్టరమ్మ చెప్పులు చేతిలో పట్టుకుని, బురదలో నడుస్తూ వచ్చింది. నేను గేటు దగ్గర నిలబడి, "ఏ కంపెనీ ఎడ్లు కాకా, మైలేజ్ ఎట్లుంది?" అన్నాను. గేటు దగ్గరున్న వాళ్ళు నవ్వారు. సిస్టరమ్మ నావైపు చూసి, "మూడో గూడెంల పదకొండు మంది పిల్లలు ఎదురు చూసిండ్రు" అని లోపలికి వెళ్ళిపోయింది.

బ్యాటరీ విప్పి రాత్రంతా చార్జింగుకు పెట్టాను. పొద్దున బండి గురక పెట్టినట్టు కాసేపు మూలిగి లేచింది. నాలుగుసార్లు ఆపి స్టార్టు చేసేసరికి మళ్ళీ టిక్. బ్యాటరీ ముసలిదైందని తేల్చి, ఆ రోజే కొత్తది తెప్పించాను. అదీ మర్నాటికి టిక్. అప్పుడు మీటరు తీశాను. ఇంజను నడుస్తున్నప్పుడు బ్యాటరీ మీద పద్నాలుగు వోల్టుల దాకా రావాలి. మాది పన్నెండు దాటడం లేదు. అంటే వాడే కరెంటు ఖర్చవుతోంది, నింపే కరెంటు నిండటం లేదు. ఎందుకు నిండటం లేదు? తలెత్తి చూస్తే, హ్యాండిలు మీద మూడు హారన్లు మూడు తామరపూల్లా విచ్చుకుని నావైపే చూస్తున్నాయి. దోషి దొరికాడు.

మర్నాడు పొద్దున ప్రార్థన అయ్యాక డాక్టర్ సార్ అడిగారు. ఈసారి తప్పు నాది అనలేదు. కాగితం మీద రాసుకొచ్చింది గొంతు పెంచి చదివాను: అదనపు భారం, అనుమతి లేని పరికరాలు, బ్యాటరీ మీద ఒత్తిడి. అక్కడితో ఆగి ఉంటే బాగుండేది. కాగితం మడిచి జేబులో పెట్టుకుంటూ, "బ్యాండు మేళం వెనక జనరేటర్ బండి తోసుకొస్తరు చూడు సార్, కాక ఊదుడుకు గసొంటిది ఒకటి కట్టాలె" అన్నాను. వరండా అంతా ఘొల్లున నవ్వింది. వంట మనిషి కొంగు నోట్లో కుక్కుకుంది. కాక నవ్వలేదు. వరండా చివర చేతులు కట్టుకుని నిలబడి, తన బూట్ల వైపు చూసుకున్నాడు.

డాక్టర్ సార్ మంచివారే, కాని ఒక గూడెం పిల్లలకు టీకాలు తప్పాయన్న బాధలో ఉన్నారు. "హారన్లు అన్నీ తీసెయ్యండి. బండి బాగైనంక ఇంకో డ్రైవర్‌ను చూద్దాం. కాకా, నువ్వు ఇవ్వాల్టి నుంచి గేటు కాడ కూర్చో" అన్నారు. ఇంజను తప్ప ఇంకో ధ్యాస లేని మనిషికి గేటు పక్కన స్టూలు. నాకు లోపల ఎక్కడో చిన్నగా కలుక్కుమంది, కానీ మీటరు నా చేతిలో ఉంది కదా, అంకె నా పక్షానే ఉంది.

హారన్లు కాకే విప్పాడు. నన్ను ముట్టనివ్వలేదు. పానా పట్టుకుని ఒక్కొక్కటే విప్పి, బురద తుడిచి, పాత తువ్వాలలో మూట కట్టుకున్నాడు. లేచి వెళ్తూ నాతో ఒక్క మాటే అన్నాడు: "వైరు కొసలకు టేపు చుట్టు. నీళ్ళు తాకుతయ్." తిట్టి ఉంటే నాలుగు జోకులతో తట్టుకునేవాణ్ని. టేపు చుట్టమంటే ఏం చెయ్యాలి? టేపు చుట్టాను.

హారన్లు లేని బండిని స్టార్టు చేసి మీటరు పెట్టాను. పన్నెండు. యాక్సిలేటరు పెంచాను. పన్నెండు. మీటరు పాడైందేమోనని దాని బ్యాటరీ మార్చి చూశాను. పన్నెండు. అంటే హారన్ల తప్పేమీ లేదు. ఆ సంగతి నాకు ఆ శనివారం సాయంత్రానికే తెలిసింది, కానీ ఆదివారం ఎవరికీ చెప్పలేదు. సోమవారం కూడా చెప్పలేదు. ముందు అసలు దోషిని పట్టుకుంటాను, ఆ తర్వాత అన్నీ కలిపి ఒకేసారి చెబుతాను అని నాకు నేను నచ్చజెప్పుకున్నాను (నాకు నేను నచ్చజెప్పుకోవడంలో నాకు మించినవాడు లేడు). గేటు ముందు నుంచి పోవాల్సి వస్తే ఫోను చెవికి ఆనించుకుని పోయేవాణ్ని. అవతల ఎవరూ ఉండేవారు కాదు.

ఆదివారం ఇంజను నుంచి వచ్చే మూడు తీగలు విప్పి చూశాను. మూడింట్లోనూ కరెంటు సమంగా పుడుతోంది, యాక్సిలేటరు పెంచితే పెరుగుతోంది. పుట్టే దగ్గర లోపం లేదు. ఆ కరెంటును బ్యాటరీకి తగ్గట్టు మార్చి పంపే రెగ్యులేటరు డబ్బా సోమవారం కొత్తది వస్తే, అదీ మార్చాను. పన్నెండు. పుడుతోంది, మారుతోంది, చేరడం లేదు. మంగళవారం పొద్దున్నే బండి పక్కన నేల మీద కూర్చుని ఊళ్ళో ఉన్న బాపుకు, అంటే మా నాన్నకు, ఫోన్ చేశాను. మా బాపు ఏటీవీని జన్మలో చూడలేదు. సాంచ తప్ప ఇంకో యంత్రాన్ని ఆయన యంత్రంగా గుర్తించడు కూడా. వెనక సాంచాల చప్పుడు. అందులోంచి అరుస్తూ మొత్తం విన్నాడు.

"దసరా దాక మంచిగనే ఉండెనా?" అన్నాడు.

"ఉండె బాపు."

"దసరాకు ఎవలు ముట్టిండ్రు?"

"నేనే. రంగేసిన. రెండు పూతలు."

"అరేయ్ చిన్నోడా, సాంచ ఖరాబైతే మనం ముందుగాల ఏం చూస్తం? ఆఖర్న చెయ్యి ఎవనిది పడ్డదో చూస్తం. నీ చెయ్యి పడ్డ కాడ చూసినవా?"

"నేను చేసిన కాడ ఏముంటది బాపు?"

అవతల ఒక సాంచ చప్పుడు ఆగింది. తర్వాత, "నువ్వు పెద్దోడివైనవ్‌రా. ఫోన్ పెట్టు, దారం తెగింది" అన్నాడు.

ఫోను జేబులో పెట్టుకుని బండి వంక చూశాను. ఆరు రోజులుగా నేను విప్పని జాగా ఒకటే ఉంది. బ్యాటరీ నుంచి చట్రానికి పోయే నల్ల తీగ, ఎర్తు తీగ. కరెంటు ఎంత పుట్టినా, ఎటు తిరిగినా, ఆఖరికి ఈ తీగ ద్వారానే బ్యాటరీకి తిరిగి చేరాలి. దాన్ని ఎందుకు విప్పలేదంటే, దసరాకు దాన్ని బిగించింది నేనే. మీటరు ఒక కొస బ్యాటరీ నల్ల మొనకు, ఇంకో కొస ఇంజను ఒంటికి ఆనించి స్టార్టు బటన్ నొక్కాను. దాదాపు సున్నా చూపించాలి. నాలుగు వోల్టులు దాటింది. బోల్టు విప్పి తీగను పక్కకు జరిపాను. కింద నా రంగు. ఒక్క గీత లేదు. అద్దంలా మెరుస్తోంది. రెండు పూతలూ చెక్కుచెదరలేదు. ఇనుముకూ తీగకూ మధ్య నేను ఎంతో శ్రద్ధగా ఒక ఆకుపచ్చ గోడ కట్టాను. బోల్టు మరలు ఏ మూలో ఇనుమును కాస్త తాకడం వల్ల కొద్దికొద్దిగా కరెంటు పాకుతోంది. ఆ కొద్దితోనే బండి ఇన్నాళ్ళూ గురక పెట్టింది.

చాకు తీసి, రూపాయి బిళ్ళంత మేర రంగు గీకేశాను. ఇనుము తెల్లగా బయటపడింది. తీగ పెట్టి బిగించి స్టార్టు నొక్కితే బండి మూలగకుండా ఒక్క దెబ్బకు లేచింది. మీటరు పద్నాలుగు చూపించి అక్కడే నిలబడింది. పని మొత్తం ఐదు నిమిషాలు.

ఇక్కడ ఒక మాట నిజం చెప్పాలి. చుట్టూ ఎవరూ లేరు. మార్చిన పాత రెగ్యులేటరు డబ్బా నా పక్కనే ఉంది. తప్పంతా ఆ డబ్బాదేనంటే ఎవరూ కాదనరు. డబ్బాకు నోరు లేదు. గేటు దగ్గర స్టూలు మీద కూర్చోవాల్సిన అవసరం దానికి లేదు. దాన్ని చేతిలోకి తీసుకుని కాసేపు అటూ ఇటూ తిప్పాను కూడా. కానీ డబ్బాదని చెప్పినా హారన్ల మాట హారన్ల మాటగానే ఉంటుంది, కాక స్టూలు మీదే ఉంటాడు. డబ్బా కింద పెట్టి డాక్టర్ సార్ గదికి వెళ్ళాను.

"సార్, బండి బాగైంది. తప్పు నాదే సార్" అన్నాను.

సార్ కళ్ళద్దాలు తీశారు. భుజాలు కదులుతున్నాయి. "ఇవ్వాల ఏం దాచిపెట్టినవ్?" అని ఒక్కటే నవ్వు. "కాదు సార్, నిజంగనే నాదే, రంగు కింద..." అంటే ఆ నవ్వు ఇంకా పెరిగింది. "రంగు కింద కరెంటు దాచిపెట్టినవా? బాగుంది, ఇది బాగుంది" అంటూ కళ్ళు తుడుచుకున్నారు. ఎన్నాళ్ళుగానో ఆ మాటను అరగదీసి, అరగదీసి, నిజంగా వాడాల్సిన రోజుకు దానికి పదును లేకుండా చేసుకున్నది నేనే. పక్కన మందుల పుస్తకం రాసుకుంటున్న సిస్టరమ్మ మాత్రం తలెత్తి నా మొహం చూసింది, తర్వాత నా గోళ్ళు చూసింది. గోళ్ళ సందుల్లో ఆకుపచ్చ రంగు.

"కాకకు చెప్పినవా?" అంది.

"లేదు సిస్టరమ్మా."

"మరి ఈడికెందుకొచ్చినవ్? సార్‌ను గేటు కాడ కూసోబెట్టినవా?"

గేటు దగ్గరికి వెళ్ళాను, ఈసారి చెవికి ఫోను లేకుండా. కాక స్టూలు మీద కాకుండా దాని పక్కన నిలబడి ఉన్నాడు. చెప్పాను. రంగు సంగతి, బోల్టు సంగతి, హారన్ల తప్పు లేదని శనివారమే తెలిసిన సంగతి. ఆఖరిది చెప్పడానికి కాస్త ఆలస్యమైంది. కాక మొత్తం విన్నాడు. నా భుజం మీద చెయ్యి వేస్తాడేమో అనుకున్నాను. వెయ్యలేదు.

"నన్ను అన్నది యాడ రా?" అన్నాడు.

"వరండల, కాకా."

"మరి గేటు కాడ చెప్తే గేటుకు ఇనవడ్తది. గాడనే చెప్పు. అందరి ముంగట."

బుధవారం పొద్దున ప్రార్థన అయ్యాక, సార్ అడగకముందే ముందుకొచ్చి నిలబడ్డాను. ఒక చేతిలో బోల్టు, ఒక చేతిలో చాకుతో గీకిన రంగు పెచ్చులు. "బండి ఖరాబ్ చేసింది నేను. కాక హారన్లు కాదు. తప్పు నాది" అన్నాను. వరండా పగలబడి నవ్వింది. అంతకుముందు నేను తెప్పించిన నవ్వులన్నీ దాని ముందు దిగదుడుపే. వంట మనిషి గోడకు ఆనుకుంది. నా నోటి దాకా మూడు జోకులు వచ్చాయి, మూడూ మంచివే. ఏదో ఒకటి వదిలి ఉంటే ఆ నవ్వు మీదే తేలుతూ పక్కకు వెళ్ళిపోయేవాణ్ని. పళ్ళు బిగబట్టి నిలబడ్డాను. నవ్వు కొంత తగ్గింది. మళ్ళీ చెప్పాను. ఇద్దరు ముగ్గురే నవ్వారు. మూడోసారి చెప్పేసరికి, అయ్యో పాపం, నిజమేనా అన్నట్టు చూశారు. ఎవరో దగ్గారు. ఒక నవ్వు చచ్చిపోవడానికి అంతసేపు పడుతుందని నాకు అప్పటిదాకా తెలియదు. నేనెప్పుడూ దాన్ని పుట్టించి పక్కకు తప్పుకున్నవాణ్నే.

డాక్టర్ సార్ ముందుకొచ్చారు. జేబులోంచి బండి తాళంచెవి తీసి, నా పక్కనుంచి చెయ్యి చాపి కాకకు ఇచ్చారు. "కాకా, నేను కూడా నిన్ను ఒక్క మాట అడగకుండనే అన్న" అన్నారు. కాక తాళంచెవి అందుకుని, "బస్. మంచు కరుగుతది, పోదాం" అన్నాడు.

కాక ముందు, వెనక సిస్టరమ్మ, అన్నింటికంటే వెనక క్యారియరు మీద టీకాల డబ్బా పట్టుకుని నేను. వాగు దాటి అవతలి గట్టెక్కగానే కాక ఇంజను ఆపేశాడు. నా గుండె కూడా దాంతోపాటే ఆగింది.

"ఏంది కాకా, ఆపినవ్?" అంది సిస్టరమ్మ.

"నీళ్ళు చూద్దామని" అన్నాడు. కాసేపు నిజంగానే నీళ్ళు చూశాడు. తర్వాత నావైపు తిరగకుండానే, "దిగు పోరడా. నువ్వే సురువు చెయ్" అన్నాడు. దిగి ముందుకొచ్చి బటన్ నొక్కాను. నొక్కడానికీ లేవడానికీ మధ్య ఉన్న ఆ కాస్త సమయంలో నా బుర్రలో ఒక్క జోకు కూడా లేదు. బండి లేచింది. "బరా" అన్నాడు కాక. మరాఠీలో సరే అని. హమ్మయ్య అనుకుని క్యారియరు ఎక్కబోతే చెయ్యి అడ్డం పెట్టాడు.

"యాడికి? హారన్లు ఇంట్ల మూటలున్నయ్. మల్ల బిగించుడుకు టైం దొరకలే. తల్లులకు బండి వచ్చినట్టు ఎట్ల తెలుస్తది? నీకు నోరుంది గద, ముంగట ఉరుకు. ఒర్లుకుంట ఉరుకు."

నేను సిస్టరమ్మ వైపు చూశాను. ఆమె చీర కొంగు సర్దుకుంటూ, "జర గట్టిగ, కొడుకా. మూడో గూడెం దాక ఇనవడాలె" అంది. ఆ రోజు మొదటిసారి ఆమె నవ్వడం చూశాను.

అలా ఆ బుధవారం, పద్నాలుగు వోల్టులతో నిండుగా ఉన్న బ్యాటరీ వెనకనుంచి తరుముతుంటే, దానికి ముందు బురదలో పడుతూ లేస్తూ, "సిస్టరమ్మ వచ్చింది, పిల్లల్ని తీస్కరాండ్రి!" అని అరుస్తూ ఒక కుర్రాడు పరిగెత్తాడు. పత్తి చేలల్లోంచి తలలు లేచాయి. తల్లులు పిల్లల్ని చంకనేసుకుని గట్టు మీదికి వచ్చారు. రెండో గూడేనికే గొంతు పోయింది. మూడో గూడెంలో పదకొండు మందినీ చేతులూపి పిలిచాడు. ఇప్పుడు కరీంనగర్‌లో పని చేసుకుంటూ, ఎప్పుడైనా ఆ బురదకాళ్ళవాణ్ని తలుచుకుంటే పానా పక్కన పెట్టి నవ్వుకుంటాను. పరిగెడుతున్నంతసేపూ వాడు నవ్వుతున్నాడా, లేదా అన్నది మాత్రం ఎంత ఆలోచించినా గుర్తు రాదు. వెనక వస్తున్న ఇద్దరికీ వాడి వీపే కనపడింది, కాబట్టి వాళ్ళను అడిగినా లాభం లేదు.